తేలని వారసత్వ ఆస్తి, లాయరు గారితో వ్యవహారం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్నగారు 2008లో పోయారు. తాతగారి పేరు మీదే ఉండిపోయిన భూమిలో ఆయన వాటా రెండెకరాల 70 సెంట్ల మాగాణి. దానికి తోడు ఒక పెంకుటిల్లు, బాబాయితో ఉమ్మడిగా ఉన్న దొడ్డి. ఇది మా నలుగురు తోబుట్టువుల పేర్ల మీదికి రావడానికి 14 ఏళ్లు పట్టింది. అందులో ఎనిమిదేళ్లు కోర్టు చుట్టూ తిరిగాం. అప్పటి నుంచి బంధువుల్లో, స్నేహితుల్లో ఎవరింట్లో పంపకాల మాట వచ్చినా నాకు ఫోన్ చేస్తున్నారు. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

నేను లాయరుని కాదు. ఇద్దరు లాయర్ల ఆఫీసుల్లో 'పార్టీ'గా బెంచీ మీద కూర్చున్న మనిషిని. చట్టం గురించి ఇక్కడ రాసింది ఎక్కువగా హిందూ కుటుంబాలకు, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉన్న ఆస్తులకు వర్తించేది. మీ కాగితాలు చూడకుండా మీ కేసు గురించి నేను చెప్పలేను. అది మీ లాయరు గారే చెప్పాలి.

నాన్న పోయి పదేళ్లు దాటింది. ఆస్తి ఇంకా ఆయన పేరు మీదే ఉంది. మా మధ్య గొడవేం లేదు. ఇప్పుడే లాయరు ఎందుకు?

గొడవ లేదు కాబట్టే ఇప్పుడు వెళ్లాలి. అందరూ ఒకే సోఫాలో కూర్చుని మాట్లాడుకునే రోజుల్లో ఈ పని నెల రోజుల్లో అవుతుంది. వాటాదారుల్లో ఒకరు పోతే ఆ ఒక్క పేరు స్థానంలో భార్య, పిల్లలు కలిపి నాలుగైదు పేర్లు వస్తాయి. అందులో ఒకరు మైనరు, ఒకరు దుబాయ్‌లో, ఒకరికి ఇంకొకరితో మాటల్లేవు. నలుగురి సంతకాలతో పోయేది పదకొండు మంది సంతకాలకు పెరుగుతుంది.

గడువు సంగతి కూడా ఉంది. ఉమ్మడి ఆస్తి ఒకరి స్వాధీనంలో ఉంటే అది అందరి తరఫునా ఉన్నట్టే లెక్క. అన్నయ్య ఇరవై ఏళ్లుగా సాగు చేసుకుంటున్నంత మాత్రాన మీ వాటా పోదు. కానీ "నీకిందులో ఏమీ లేదు, వెళ్లు" అని ఆయన బాహాటంగా చెప్పిన రోజు, ఆ సంగతి మీకు తెలిసిన రోజు, అక్కణ్ణుంచి 12 ఏళ్ల గడువు మొదలవుతుందని వాదించే అవకాశం ఎదుటివారికి దొరుకుతుంది. అలాంటి మాట ఎప్పుడు, ఎవరి ముందు వచ్చిందో రాసి పెట్టుకోండి. వాట్సాప్‌లో వస్తే చెరిపేయకండి.

లాయరు దగ్గరికి వెళ్లేముందు ఏ కాగితాలు సిద్ధం చేసుకోవాలి?

మా ఇంట్లో కాగితాలన్నీ అమ్మ ట్రంకు పెట్టెలో, పట్టుచీరల అడుగున, ఒక పాలిథీన్ కవర్లో ఉండేవి. తాతగారు 1961లో కొన్న భూమి దస్తావేజు ఎనిమిది మడతలు పెట్టి ఉంది. మడత దగ్గర వేలు పెడితే చిరిగేలా ఉంది. తమ్ముడు లామినేషన్ చేయిద్దామన్నాడు. లాయరు గారు గట్టిగా వద్దన్నారు. కోర్టులో దాఖలు చేసినప్పుడు ఒరిజినల్ మీదే ముద్ర వేసి నంబరు రాస్తారు, స్టాంపులు, సంతకాలు పరిశీలిస్తారు. లామినేట్ చేస్తే ఇవన్నీ ఇబ్బందే. విప్పి, మడత లేకుండా పెద్ద కవర్లో పెట్టి, ఫోన్‌తో రెండు వైపులా ఫొటోలు తీసుకుంటే చాలు.

ముఖ్యంగా కావలసినవి: పెద్దలకు ఆ ఆస్తి ఎలా వచ్చిందో చెప్పే దస్తావేజు, అంటే లింకు డాక్యుమెంటు. అది కొనుగోలు కావచ్చు, పారీఖత్తు (పంపకాల దస్తావేజు) కావచ్చు, దాన సెటిల్‌మెంట్ కావచ్చు, వీలునామా కావచ్చు. తర్వాత పట్టాదారు పాస్‌బుక్కు. పొలం ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో చెప్పే రెవెన్యూ రికార్డులు కూడా: ఆంధ్రలో అయితే అడంగల్, 1బి. తెలంగాణలో పహాణీలు. తెలంగాణ భూములకు 1954-55 నాటి ఖాస్రా పహాణీని లాయర్లు తప్పకుండా అడుగుతారు. ఇంటికైతే పన్ను రసీదులు, కరెంటు బిల్లు. పోయినవారి డెత్ సర్టిఫికెట్లు. రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్). ఈసీని మీరే ముందుగా తీయించండి. మీకు తెలియకుండా ఎవరైనా ఆ సర్వే నంబరులో అమ్మకమో తనఖానో రిజిస్టరు చేయించి ఉంటే అక్కడే బయటపడుతుంది. ఒరిజినల్ దస్తావేజు పోయినా కంగారు పడకండి. నంబరు, సంవత్సరం తెలిస్తే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ ఇస్తారు.

వీటన్నిటి కన్నా లాయరు గారికి ఎక్కువ ఉపయోగపడింది మా అక్క తెల్లకాగితం మీద గీసిన వంశవృక్షం. తాతగారి నుంచి మా పిల్లల దాకా పేర్లు, పుట్టిన ఏడాది, పోయినవారైతే పోయిన తేదీ, ఆడపిల్లలకైతే పెళ్లయిన ఏడాది. దాని వెనక పేజీలో ఏ ఏడాది ఏం జరిగిందో వరుసగా పది లైన్లు. మొదటి అరగంటలో ఆయన మమ్మల్ని అడగాల్సిన ప్రశ్నల్లో సగం ఆ కాగితమే తీర్చేసింది.

ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఉంది కదా, అది చాలదా?

చాలదు. తహశీల్దార్ ఆఫీసు ఇచ్చే ఆ సర్టిఫికెట్ పోయినాయనకు ఎవరెవరు ఉన్నారో చెబుతుంది. ఆస్తిలో ఎవరికెంత అనేది అది తేల్చదు. సక్సెషన్ సర్టిఫికెట్ ఇంకొకటి. అది సివిల్ కోర్టు ఇస్తుంది, బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, రావలసిన బాకీలు లాంటి వాటికి పనికొస్తుంది. పొలానికి, ఇంటికి దానితో పని జరగదు. ఈ రెండిటినీ కలిపేసుకుని నెలల తరబడి తిరిగినవాళ్లను చూశాను. బ్యాంకులో నామినీగా పేరుందని మొత్తం తనదే అనుకునేవాళ్లూ ఉన్నారు. నామినీ డబ్బు తీసుకుంటారు, కానీ అది వారసులందరికీ చెందుతుంది.

అసలు వాటాదారులు ఎవరు? పెళ్లయి వెళ్లిపోయిన ఆడపిల్లలకు ఉంటుందా?

ఎక్కువ ఇళ్లలో తగవు ఇక్కడే. అందుకే దీన్ని కాస్త విడమరిచి చెబుతాను.

వీలునామా రాయకుండా హిందూ పురుషుడు పోతే ఆయన స్వార్జితం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లికి సమానంగా వెళ్తుంది. తల్లిని చాలామంది మరచిపోతారు. కొడుకు పోయేనాటికి నాయనమ్మ బతికి ఉంటే ఆమెకూ ఒక వాటా ఉంది. ఆమె తర్వాత పోతే ఆ వాటా ఆమె పిల్లలందరికీ వెళ్తుంది. అంటే మీ మేనత్తలు, బాబాయిలు కూడా లెక్కలోకి వస్తారు. మా లాయరు గారు మొదట అడిగిన ప్రశ్న "మీ నాయనమ్మ ఎప్పుడు పోయారమ్మా?" అని. ఆ ప్రశ్న ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

పిత్రార్జితం సంగతి వేరు. అందులో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర సవరణ ద్వారా 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఈ హక్కు వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం పెళ్లయినా కాకున్నా కూతుళ్లందరికీ ఇచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అనే గొడవ చాలా ఏళ్లు నడిచింది. అవసరం లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పారీఖత్తుతోనో కోర్టు డిక్రీతోనో పంపకం అయిపోయి ఉంటే దాన్ని తిరగదోడలేరు. "అప్పట్లో నోటిమాటగా పంచుకున్నాం" అని చెబితే కోర్టు తేలిగ్గా నమ్మదు. దానికి తగిన ప్రభుత్వ కాగితాలు చూపించాలి.

"పెళ్లికి కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమలు పెట్టాం, ఇంకా వాటా ఏంటి?" అనే మాట ప్రతి ఊళ్లోనూ వింటాం. కట్నం ఇచ్చినందువల్ల వాటా పోదు. వదులుకోవాలంటే ఆమె తన ఇష్టంతో రిజిస్టరు హక్కు విడుదల దస్తావేజు రాయాలి. మా చిన్నక్క తన వాటా వద్దంది. వద్దని అందరి ముందూ చెప్పింది, మేమూ సంతోషించాం. కానీ లాయరు గారు "అలాగైతే రిజిస్టరు చేయించండి, లేకపోతే ఆమెను దావాలో చేర్చాల్సిందే" అన్నారు. ఆయన చెప్పింది నిజం. వాటాదారుల్లో ఒక్కరిని వదిలేసినా పంపకం దావా నిలబడటం కష్టం.

ఒక చిన్న సంగతి. తండ్రి నుంచి వాటాగా కొడుక్కి వచ్చిన ప్రతిదీ మనవళ్లకు పిత్రార్జితం అయిపోదు. 1956 తర్వాత, వీలునామా లేకుండా తండ్రి స్వార్జితం కొడుక్కి వస్తే అది కొడుకు సొంత ఆస్తి. "తాత ఆస్తి కాబట్టి నాన్న అమ్మకూడదు" అని దావాకు దిగేముందు ఇది లాయరుతో నిదానంగా మాట్లాడండి.

ముస్లిం కుటుంబాల్లో, క్రైస్తవ కుటుంబాల్లో లెక్క వేరు. ముస్లిం చట్టం ప్రకారం సాధారణంగా కూతురికి కొడుకు వాటాలో సగం. క్రైస్తవుల్లో భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా.

ఎలాంటి లాయరుని పెట్టుకోవాలి? హైదరాబాదులో పేరున్నవాళ్లు మేలా?

పొలం ఏ కోర్టు పరిధిలో ఉంటే దావా అక్కడే వేయాలి. కాబట్టి ఆ కోర్టులో రోజూ కనిపించే లాయరే మేలు. సివిల్ పక్షం చేసేవారై ఉండాలి. మీరు వెళ్లిన రోజు ఆయన మీ దస్తావేజు చదువుతున్నారా, లేక మీ మాట వింటూనే "గెలిచేస్తాం" అంటున్నారా చూడండి. మాకు చివరిదాకా నడిపిన లాయరు గారు మొదటి రోజు సర్వే నంబరు సబ్ డివిజన్ గురించి అడిగి, మా దగ్గర జవాబు లేకపోతే "అది తెలుసుకుని రండి, అప్పుడు మాట్లాడదాం" అని పంపేశారు. ఆ రోజు కోపం వచ్చింది. ఇప్పుడు ఎవరైనా అడిగితే అలాంటి లాయరునే వెతుక్కోమంటాను.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరికీ ఒకే లాయరు ఉండొచ్చా?

అందరూ ఒకే మాట మీద ఉండి, ఎదుటి పక్షం వేరే అయితే ఉండొచ్చు. మీలో మీకే తేడా వస్తే మాత్రం ఒకే లాయరు ఇద్దరి పక్షాన నిలబడలేరు. "లాయరు గారు మనవాడే, అన్నయ్యకి క్లాస్‌మేటు" అన్న ధైర్యంతో అన్నయ్య లాయరు రాయించిన పారీఖత్తు మీద చెల్లెలు సంతకం చేయకూడదు. వేరే లాయరుకి ఒక్కసారి చూపించడానికి అయ్యే ఖర్చు కొద్దిపాటిదే.

ఫీజు ఎలా ఉంటుంది? ఆస్తిలో వాటా ఇస్తే డబ్బు లేకుండా నడిపిస్తానంటున్నారు.

ఒప్పుకోకండి. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం, గెలిచిన ఆస్తిలో వాటా తీసుకోవడం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల ప్రకారం లాయర్లకు నిషేధం. అలా మాట్లాడేవారితో మొదలుపెట్టడమే ప్రమాదం.

మామూలుగా ఫీజు దశలవారీగా ఇస్తారు. దావా వేసినప్పుడు కొంత, సాక్ష్యం దశలో కొంత, ఆర్గ్యుమెంట్లప్పుడు కొంత. మొత్తం ఎంత, ఏ దశకు ఎంత, అందులో గుమస్తా ఖర్చులు, టైపింగు, బ్యాటా (నోటీసుల ఖర్చు) కలిసి ఉన్నాయా లేదా, మొదటి రోజే అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. ఇచ్చిన ప్రతిసారీ యూపీఐలో ఇస్తే లెక్క దానంతటదే ఉంటుంది. నగదు ఇచ్చిన రోజు "ఈరోజు ఐదు వేలు ఇచ్చామండి" అని ఒక మెసేజ్ పెట్టండి.

కోర్టు ఫీజు వేరు. ఉమ్మడి స్వాధీనంలో మీరూ ఉన్నట్టయితే పంపకం దావాకు కోర్టు ఫీజు చాలా తక్కువ. మిమ్మల్ని ఆస్తి నుంచి బయటికి నెట్టేశారని మీరే రాస్తే మీ వాటా విలువ మీద కట్టాలి. ఆ ఒక్క వాక్యం దావాలో ఎలా రాస్తున్నారో అందుకే ముందుగా చదవాలి.

వకాలత్ మీద, ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?

వకాలత్ పెట్టాలి. మీ తరఫున కోర్టులో హాజరవడానికి లాయరుకి మీరిచ్చే అధికారం అది. ఖాళీ తెల్లకాగితాల మీద మాత్రం ఎంత నమ్మకమున్నా పెట్టకండి.

మా మొదటి లాయరు ఆఫీసులో ఒక సాయంత్రం గుమస్తా గారు అమ్మ చేత ఐదు తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టించారు. "ప్రతిసారీ మిమ్మల్ని పిలవడం ఎందుకమ్మా, పెద్దవారు, అఫిడవిట్లకు పనికొస్తాయి" అన్నారు. మర్యాదగానే అన్నారు. అమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేస్తుంది. ఐదు సంతకాలకు పది నిమిషాలు పట్టింది. నేను పక్కనే కూర్చుని, కాగితం జరగకుండా అంచు పట్టుకున్నాను. ఎనిమిది నెలల తర్వాత వాటిలో ఒకటి అఫిడవిట్‌గా కోర్టులోకి వెళ్లింది. అందులో మూడో పేరాలో "గతంలో నోటిమాటగా పంపకం జరిగినది" అని ఉంది. మేం ఎన్నడూ అనని మాట. బాబాయి వాళ్ల వాదన సరిగ్గా అదే. వేరే కేసు ముసాయిదాలోంచి ఆ పేరా అలాగే దిగిపోయిందట. కావాలని చేశారని నేను అనను. కానీ క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ కాగితం అమ్మ ముందు పెట్టి "ఈ సంతకం మీదేనా?" అని అడిగితే ఆమె "నాదే" అనక తప్పలేదు. ఆ ఒక్క పేరాను సరిదిద్దుకోవడానికి మాకు రెండేళ్లు పట్టింది.

అప్పటి నుంచి మా ఇంట్లో కట్టుబాటు ఏమిటంటే, టైపైన కాగితం తెలుగులో ఎవరో ఒకరు చదివి వినిపించాకే సంతకం. ప్రతి పేజీ ఫొటో. లాయరు ఎంత తొందరలో ఉన్నా సరే. మంచి లాయర్లెవరూ దీనికి తప్పు పట్టరు.

వకాలత్ వేరు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) వేరు. జీపీఏలో అమ్మే అధికారం కూడా ఉండొచ్చు. కేసు నడపడానికి లాయరుకి జీపీఏ అక్కర్లేదు. ఎవరైనా "రెండూ ఒకటే" అంటే అక్కడే ఆగండి.

లాయరుకి ఇంట్లో సంగతులన్నీ చెప్పాలా?

చెప్పాలి, ముఖ్యంగా మీకు వ్యతిరేకంగా ఉన్నవి. నాన్న తెల్లకాగితం మీద అప్పు రాసిచ్చారా? అన్నయ్య చదువుకి పొలం అమ్మి అందరూ సరేనన్నారా? పెద్దమనుషుల ముందు ఏదైనా ఒప్పందం మీద సంతకాలు పెట్టారా? ఎదుటివారి చేతిలో ఉన్న కాగితం మీ లాయరు మొదటిసారి కోర్టు హాల్లో చూడకూడదు. మీరు లాయరుకి చెప్పింది మీ అనుమతి లేకుండా బయటపెట్టకుండా చట్టమే రక్షణ ఇస్తుంది. ఇంటి పరువు పోతుందని దాచేవాళ్లు చాలామంది. లాయరు ఆఫీసులో ఆ భయం పెట్టుకోకండి.

కోర్టుకు వెళ్లకుండా తేల్చుకునే దారి ఉందా?

ఉంది. దావా వేశాక కూడా ఉంటుంది. అందరూ ఒప్పుకుంటే పారీఖత్తు రాసి రిజిస్టరు చేయించుకోవచ్చు. ఇదివరకే నోటిమాటగా పంచేసుకుని, జరిగిన దాన్ని జ్ఞాపకార్థం కాగితం మీద పెట్టుకుంటే దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని కోర్టులు చెప్పాయి. కానీ ఆ కాగితంలోనే కొత్తగా పంచుకుంటున్నట్టు రాస్తే రిజిస్ట్రేషన్ కావాలి. "పంచుకున్నాము", "పంచుకుంటున్నాము" అనే తేడా మీదే మొత్తం నిలబడుతుంది. అందుకే దీన్ని స్టాంపు వెండరు దగ్గర కూర్చుని రాయించొద్దు. లాయరు చేతే రాయించండి.

మా కేసు చివరికి 2022లో, రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌లో తేలింది. దొడ్డి బాబాయి పిల్లలకు, దానికి బదులు కాలువ పక్క 20 సెంట్లు మాకు. ఇదే మాట 2013లో మా మేనమామ చెప్పారు. అప్పుడు ఎవరూ వినలేదు. లోక్ అదాలత్ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి ఇస్తారు. అప్పీలు ఉండదు కాబట్టే సంతకానికి ముందు సర్వే నంబర్లు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, దారి హక్కు ఒక్కొక్కటీ సరిచూసుకోండి. మేం దారి సంగతి చివరి నిమిషంలో రాయించాం. అది లేకపోతే మా చేలోకి ట్రాక్టరు వెళ్లేది కాదు.

దావా వేస్తే ఎలా నడుస్తుంది? ఎన్నాళ్లు?

ఎన్నాళ్లో ఎవరూ చెప్పలేరు, చెప్పినవారిని నమ్మకండి. పంపకం దావాలో రెండు డిక్రీలు ఉంటాయని మాత్రం ముందే తెలుసుకోండి. ప్రిలిమినరీ డిక్రీలో ఎవరికెన్ని వాటాలో చెబుతారు. ఆ తర్వాత ఫైనల్ డిక్రీ దశలో కమిషనర్‌ని నియమించి, ఆయన పొలం మీదికి వచ్చి కొలిచి, ఎవరికి ఏ ముక్కో రిపోర్టు ఇస్తారు. దాని మీద ఫైనల్ డిక్రీ. ప్రిలిమినరీ డిక్రీ రాగానే గెలిచేశామని స్వీట్లు పంచి, ఫైనల్ డిక్రీ పిటిషన్ వేయకుండా ఏళ్లకేళ్లు ఊరుకున్న కుటుంబాలు ఉన్నాయి.

కేసు మధ్యలో ఏ పక్షంలోనైనా ఎవరైనా పోతే ఆ సంగతి లాయరుకి వెంటనే చెప్పాలి. పోయినవారి వారసులను 90 రోజుల్లోగా రికార్డులోకి తేవాలి. మా బాబాయి 2017లో పోయారు. దినకర్మలకు అందరం వెళ్లాం, ఏడ్చాం, భోజనాలు చేసి వచ్చాం. లాయరుకి చెప్పాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. ఆయన పోయిన సంగతి కోర్టులో తెలిసేసరికి ఏడు నెలలు దాటాయి. ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్లు, వాటికి కౌంటర్లు. ఏడాదికి పైగా అలా పోయింది.

కేసు నడుస్తుండగా అన్నయ్య పొలం అమ్మేస్తున్నాడు. ఏం చేయాలి?

దావా పెండింగులో ఉండగా కొన్నవారు ఆ దావా ఫలితానికి కట్టుబడాల్సిందే. మీ వాటా అమ్మకంతో పోదు. అయినా ఊరుకోవద్దు. అమ్మకుండా, ఆస్తి స్వరూపం మార్చకుండా తాత్కాలిక ఇంజంక్షన్ కోసం ఐఏ (దావా మధ్యలో వేసే పిటిషన్) వేయమని లాయరుని అడగండి. కేసు ఉందన్న సంగతి, దావా నంబరుతో సహా, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. కొనబోయేవారు ఎవరో తెలిస్తే లాయరు నోటీసు పంపించండి. చాలా అమ్మకాలు ఆ నోటీసు అందగానే ఆగిపోతాయి.

లాయరు ఫోన్ ఎత్తడం లేదు. కేసు ఏమైందో తెలియడం లేదు.

ముందు మీ కేసు సీఎన్ఆర్ నంబరు, అంటే ప్రతి కేసుకూ ఉండే గుర్తింపు సంఖ్య, తీసుకోండి. అక్షరాలు, అంకెలు కలిపి 16 ఉంటాయి. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే తర్వాతి వాయిదా ఎప్పుడు, గత వాయిదాలో ఏం జరిగింది, ఏ దశలో ఉంది అన్నీ కనిపిస్తాయి. మా అమ్మకు కూడా నేర్పించాను. వాయిదా ముందు రోజు లాయరుకి ఫోన్ చేసి "రేపు ఏముందండి?" అని అడిగే టెన్షన్ సగం తగ్గింది.

లాయరు గారు రోజుకి పది కోర్టు హాళ్ల మధ్య పరిగెడతారు. ఫోన్ ఎత్తకపోవడం ప్రతిసారీ నిర్లక్ష్యం కాదు. ప్రశ్నలు రెండు మూడు పోగేసి సాయంత్రం ఆఫీసుకి వెళ్లి అడగండి. అలా అడిగినా జవాబు రాకపోతే, వాయిదాలకు ఎవరూ హాజరుకాలేదని యాప్‌లో కనిపిస్తుంటే, మార్చుకోండి. మీ హక్కు అది. పాత లాయరు 'నో అబ్జెక్షన్' రాసిస్తే కొత్తవారు వకాలత్ వేస్తారు. ఇవ్వనంటే కోర్టు అనుమతితో మారవచ్చు. ఫీజు బాకీ ఉందని మీ ఫైలు, ఒరిజినల్ కాగితాలు పట్టి ఉంచుకునే హక్కు లాయరుకి లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. బాకీ ఉంటే అది వేరుగా రాబట్టుకోవాలి. మీరూ ఆయన చేసిన పనికి న్యాయంగా ఇవ్వాల్సింది ఇచ్చి రండి.

నిజంగా మోసం జరిగితే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయాలి. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లే దారి లేదు. లాయర్ల సేవలు ఆ చట్టం కిందికి రావని 2024 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

మేం అమెరికాలో ఉన్నాం. ప్రతి వాయిదాకూ రావాలా?

అక్కర్లేదు. వకాలత్ మీద లాయరు హాజరవుతారు. మీరు సాక్ష్యం చెప్పాల్సిన దశలో, రాజీ సంతకాల దశలో మాత్రం అవసరం పడుతుంది. ఇక్కడ నమ్మకమైనవారికి జీపీఏ ఇవ్వాలంటే ఇండియన్ కాన్సులేట్‌లో సంతకం చేయండి, లేదా అక్కడి నోటరీ ముందు చేసి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా అక్కడి ప్రభుత్వ ధ్రువీకరణ) చేయించండి. ఇండియా చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. జీపీఏలో కేసు నడపడం, కాగితాలు తీసుకోవడం వరకే అధికారం రాయండి. అమ్మకం, తనఖా అధికారాలు తీసేయమని చెప్పండి. అమెరికా పౌరసత్వం వచ్చింది కదా, వ్యవసాయ భూమి రాదేమో అని అడుగుతుంటారు. కొనడానికే అడ్డు. వారసత్వంగా రావడానికి అడ్డు లేదు.

లాయరుని పెట్టుకునే స్తోమత లేదు.

జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. మిగతావారిలో ఎక్కువమందికి ఆదాయ పరిమితి ఉంది. 15100 నంబరుకి ఫోన్ చేసినా దారి చెబుతారు. అన్నదమ్ములు వాటా ఇవ్వడం లేదని, కోర్టు ఖర్చుకు భయపడి ఊరుకున్న అక్కచెల్లెళ్లకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

డిక్రీ వచ్చింది. ఇక పనైపోయినట్టేనా?

ఇంకొంచెం ఉంది. సర్టిఫైడ్ కాపీలు రెండు సెట్లు తీయించండి. ఫైనల్ డిక్రీని స్టాంపు పేపరు మీద ఎక్కించాలి, లేకపోతే అది అమలుకు పనికిరాదు. ఆ తర్వాత ఆంధ్రలో మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు), పాస్‌బుక్కు. తెలంగాణలో అయితే 2025 నుంచి ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ భూభారతి ద్వారా పేరు మార్పు. సర్వేయరుతో కొలిపించి హద్దు రాళ్లు పాతించండి. ఆ రోజు పక్క చేలవాళ్లను కూడా పిలవండి.

చివరగా, కోర్టులో దాఖలు చేసిన ఒరిజినల్ దస్తావేజులు అక్కడే ఉండిపోతాయి. అప్పీలు గడువు దాటాక పిటిషన్ వేసి వెనక్కి తీసుకోవాలి. చాలామంది ఇది మరచిపోతారు. మా 1961 దస్తావేజు అలాగే తెచ్చుకున్నాం. ఇప్పుడు దాని వెనక వైపు 'ఏ1' అని ఎర్ర సిరాతో రాసి, కింద జడ్జి గారి పొట్టి సంతకం ఉంది.